పిల్లలకు శీతోష్ణస్థితి మార్పు పాఠం: "మనకెలా తెలుసు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి

"భూమి ఎందుకు వేడెక్కుతోంది?" అని ఒకసారి పరీక్షలో అడిగాను. సగానికి పైగా పిల్లలు ఒకే జవాబు రాశారు: ఓజోన్ పొరకు చిల్లు పడింది, అందులోంచి ఎండ ఎక్కువగా వస్తోంది. ముత్యాల్లాంటి చేతిరాత, తప్పు జవాబు. అంతకు ముందు వారం నేను చెప్పిన పాఠంలో కరుగుతున్న మంచు ఫొటోలున్నాయి, వరదల వీడియో ఉంది, చెట్లు నాటాలన్న మాట ఉంది. ఏది ఎందుకు జరుగుతోందో మాత్రం లేదు. నేను ఖాళీగా వదిలేసిన చోటును పిల్లలు తమకు తెలిసినదాంతో నింపుకున్నారు.

అప్పటినుంచి ఈ పాఠాన్ని తిరగేసి చెబుతున్నాను. ముందు కొలతలు, తర్వాత కారణం, ఆ తర్వాతే పర్యవసానాలు. ప్రతి మెట్టు దగ్గరా పిల్లలు నన్ను "మనకెలా తెలుసు?" అని అడగాలి, నేను వాళ్ళను అడగాలి. 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు ఎనిమిది, తొమ్మిది పీరియడ్లలో ఇది చెప్పొచ్చు. చిన్న క్లాసులైతే మూడో, నాలుగో, ఆరో మెట్లు చాలు.

మొదటి మెట్టు: పిల్లలకు ఇప్పటికే ఏం తెలుసో చూడండి

పాఠం మొదలుపెట్టే ముందు తెల్లకాగితాలు పంచి ఒకే పని ఇవ్వండి: సూర్యుడిని, భూమిని గీసి, భూమి ఎలా వేడెక్కుతోందో బాణాలతో చూపించమనండి. పేర్లు రాయొద్దని, మార్కులు ఉండవని ముందే చెప్పండి.

ఆ బొమ్మల్లో చాలా సంగతులు బయటపడతాయి. కొందరు ఓజోన్ చిల్లు గీస్తారు. కొందరు ఫ్యాక్టరీ పొగే వేడిగా ఉండి భూమిని కాలుస్తున్నట్టు గీస్తారు. ప్లాస్టిక్ చెత్త, కాలుష్యం, శబ్దం అన్నీ కలిపేసేవాళ్ళూ ఉంటారు. భూమి నుంచి పైకి పోయే బాణం గీసేవాళ్ళు మాత్రం అరుదు. ఆ బాణం లేకపోతే మిగతా పాఠమంతా గాలిలో మేడే, కాబట్టి ఎవరెవరు గీయలేదో లెక్కపెట్టుకోండి. కాగితాలు దాచండి, చివరి రోజున మళ్ళీ కావాలి.

రెండో మెట్టు: మాటల చిక్కు విడదీయండి

తెలుగులో మనకొక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇవాళ వాన పడేలా ఉంటే "వాతావరణం" బాగాలేదంటాం. భూమి చుట్టూ ఉన్న గాలి పొరా "వాతావరణమే". పేపర్లో వచ్చేది "వాతావరణ మార్పు". ఒకే మాట మూడు పనులు చేస్తుంటే పిల్లలు తికమక పడటంలో వింతేముంది? నేను బోర్డు మీద మూడు గళ్ళు గీసి, రోజువారీదానికి వాతావరణం, కనీసం 30 ఏళ్ళ సగటుకు శీతోష్ణస్థితి, గాలి పొరకు వాయు ఆవరణం అని రాస్తాను. పాఠం అయ్యేదాకా ఆ గళ్ళు చెరపను. ఎవరైనా మాట తప్పితే వేలితో ఆ గడి చూపిస్తే చాలు, వాళ్ళే సరిచేసుకుంటారు.

తర్వాత పాచికల ఆట. ప్రతి జట్టుకూ రెండు పాచికలివ్వండి. ఒకదాని మీద 1 ఉన్న ముఖానికి కాగితం అంటించి దాన్నీ 6 చేయండి. మామూలు పాచికను 60 సార్లు వేస్తే ఆరు దాదాపు 10 సార్లు పడుతుంది, మార్చినదానికి దాదాపు 20 సార్లు. ఆరు పడినప్పుడల్లా "విపరీతమైన ఎండ" అనుకోమనండి. అయ్యాక అడగండి: "మార్చిన పాచికతో పడిన ఈ ఒక్క ఆరు, కాగితం అంటించడం వల్ల పడిందా, మామూలుగానే పడేదా?" ఒక్క వేటుతో తేల్చలేమని, 60 వేట్లు చూస్తే తేడా దాగదని వాళ్ళంతట వాళ్ళే చెబుతారు. "ఈ వడగాలి శీతోష్ణస్థితి మార్పు వల్లేనా?" అని రేపెవరైనా అడిగితే, ఎలా ఆలోచించాలో వాళ్ళకు తెలిసిపోయినట్టే.

మూడో మెట్టు: వచ్చే వేడి, పోయే వేడి

ఇది పాఠానికి వెన్నెముక. తొందరపడకండి.

సూర్యుడి నుంచి వెలుగు వస్తుంది, భూమి వేడెక్కుతుంది. మరి రోజూ వస్తూనే ఉంటే భూమి ఎప్పుడో కాలిపోవాలి కదా? ఈ ప్రశ్న వేసి కాసేపు ఊరుకోండి. ఎవరో ఒకరు "బయటికి కూడా పోతూ ఉండాలి" అంటారు. ఆ మాట వచ్చేదాకా ఆగడం ఎంతో అవసరం. భూమి ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో బయటికి పంపుతుంది. కనిపించని వెలుగంటే పిల్లలు నమ్మరు. టీవీ రిమోట్ బటన్ నొక్కి, దాని కొసను ఫోన్ కెమెరాలోంచి చూపించండి. కంటికి ఏమీ లేదు, తెర మీద మాత్రం చిన్న దీపం వెలుగుతుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో ప్రయత్నించండి. భూమి పంపే కిరణాల తరంగదైర్ఘ్యం రిమోట్ కిరణాల కంటే చాలా ఎక్కువని కూడా చెప్పాలి.

ఇప్పుడు అంకెలు. గాలిలో ఆ కిరణాలను పట్టుకునే గ్రీన్‌హౌస్ వాయువులు లేకుంటే భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 18 డిగ్రీలు ఉండేది. ఉన్నది దాదాపు 15 డిగ్రీలు. ఆ 33 డిగ్రీల తేడాయే గ్రీన్‌హౌస్ ప్రభావం. అంటే అది చెడ్డది కాదు, మనం బతికున్నది దానివల్లే. మితి తప్పడమే సమస్య.

పిల్లలకు బాగా పట్టే పోలిక శుక్రగ్రహం. సూర్యుడికి బుధుడు దగ్గర, శుక్రుడు దూరం. మరి ఏది ఎక్కువ వేడి? అందరూ బుధుడంటారు. శుక్రుడి ఉపరితలం దాదాపు 460 డిగ్రీలు. దాని గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్, గాలి కూడా మనకంటే ఎన్నో రెట్లు చిక్కన. "మన భూమీ అలా అయిపోతుందా?" అని వెంటనే అడుగుతారు. కాదని స్పష్టంగా చెప్పండి.

"గాలిలో 0.04 శాతమే ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇంత పని ఎలా చేస్తుంది?" అన్నది మంచి ప్రశ్న, దాటవేయకండి. గాలిలో ఎక్కువ భాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ భూమి పంపే పరారుణ కిరణాలను దాదాపు ఆపవు. ఆపేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మిథేన్ లాంటివి. అందుకే కొంచెమైనా లెక్కలోకి వస్తుంది. రెండు సీసాల్లో ఒక్కో లీటరు నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఐదారు చుక్కలు, ఇంకోదాంట్లో ఎనిమిది చుక్కలు సిరా వేయండి. ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలనుకుంటే, మొదటిది పరిశ్రమలు రాకముందు గాలిలో ఉన్న 280 పీపీఎం, రెండోది ఇప్పటి 420కి పైబడిన స్థాయి. పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని అని. ఈ సిరా కొంచెంతో ఎంత తేడా వస్తుందో చూపుతుందే తప్ప కార్బన్ డయాక్సైడ్ ఎలా పనిచేస్తుందో చూపదు. పోలిక ఎక్కడ ఆగుతుందో చెప్పడం కూడా సైన్సు చెప్పడమే.

ఒక ప్రయోగం గురించి హెచ్చరిక

రెండు సీసాలు, రెండు థర్మామీటర్లు, ఒకదాంట్లో వెనిగర్, వంటసోడా కలిపి కార్బన్ డయాక్సైడ్ పుట్టించి, దీపం కింద పెట్టి "చూశారా, ఇది ఎక్కువ వేడెక్కింది" అనే ప్రయోగం చాలాచోట్ల కనిపిస్తుంది. నేనూ కొన్నేళ్ళు చేశాను. ఇప్పుడు మానేశాను. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు, సీసాలో కదలకుండా నిలిచిపోయి వేడి బయటికి పోనివ్వదు. సీసా వేడెక్కడానికి ఎక్కువగా అదే కారణం, పరారుణ కిరణాలను పట్టుకోవడం కాదు. ఫలితం సరిగ్గా వచ్చినట్టు కనిపిస్తుంది, కారణం మాత్రం వేరు. తెలివైన పిల్ల ఎవరైనా ఇది పట్టుకుంటే ఆ తర్వాత మీరు చెప్పే నిజం మీద కూడా నమ్మకం పోతుంది.

దానికి బదులు కథ చెప్పండి. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కిందని, చల్లారడానికి ఎక్కువసేపు పట్టిందని గమనించింది. గాలిలో ఆ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని కూడా రాసింది. 1859లో జాన్ టిండాల్ ఏ వాయువు ఎంత వేడిని పీల్చుకుంటుందో కొలిచే పరికరం కట్టి, ఆక్సిజన్, నైట్రోజన్ దాదాపు ఏమీ పీల్చుకోవని తేల్చాడు. 1896లో స్వాంటే అరీనియస్ కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో చేత్తో లెక్క కట్టి ఐదారు డిగ్రీలన్నాడు. నేటి అంచనాల్లో మధ్యది 3 డిగ్రీలు. కాగితం, కలంతో ఆయన అంత దగ్గరికి వచ్చాడు. ఈ సైన్సు నిన్నమొన్నటి వాదన అనుకునే పిల్లలకు ఈ తేదీలే సగం జవాబు.

ఫుట్ ప్రయోగంలో లోపమేమిటని కూడా పెద్ద పిల్లలను అడగొచ్చు. ఆమె వాడింది ఎండను. భూమి నుంచి పైకొచ్చే పరారుణాన్ని విడిగా చూడలేకపోయింది. టిండాల్ చూశాడు. సీసాల ప్రయోగాన్ని తూచినట్టే దీన్నీ తూచమనండి.

నాలుగో మెట్టు: కీలింగ్ గీతను పిల్లలే గీయాలి

గ్రాఫు చూపించొద్దు, గీయించండి. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున, గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. నగరాలకు, అడవులకు దూరంగా ఉన్న గాలి కావాలని ఆ చోటు ఎంచుకున్నారు. నిధులు లేక 1964లో కొన్ని నెలలు కొలత ఆగింది. 2022 నవంబరులో ఆ పర్వతమే పేలి లావా దారిని కప్పేస్తే, పక్కనున్న మౌనా కియా మీద కొలతలు కొనసాగించారు. ఒక అంకె కోసం మనుషులు ఇంత పట్టుదలగా నిలబడతారని పిల్లలకు తెలియాలి.

ఈ వార్షిక సగటులు బోర్డు మీద రాయండి, పీపీఎంలో:

1960: 317
1970: 326
1980: 339
1990: 354
2000: 370
2010: 390
2020: 414

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలపమనండి. నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలా, 300 నుంచా అన్నది వాళ్ళే తేల్చుకోనివ్వండి. రెండు రకాలుగా గీసిన కాగితాలను పక్కపక్కన పెడితే ఒకే అంకెలు ఒకచోట మెల్లని వాలుగా, ఇంకోచోట నిటారు కొండలా కనిపిస్తాయి. గ్రాఫుతో ఎవరైనా ఎలా మోసం చేయొచ్చో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

తర్వాత పదేళ్ళకు పదేళ్ళు తీసివేయమనండి: 9, 13, 15, 16, 20, 24. క్లాసులో ఒక్కసారిగా సద్దుమణిగే క్షణమిది. గాలిలో ఆ వాయువు పెరగడమే కాదు, పెరిగే వేగం కూడా పెరుగుతోంది. నేను చెప్పలేదు, వాళ్ళ పెన్సిలే చెప్పింది.

సమయం ఉంటే ఒకటి రెండేళ్ళ నెలవారీ అంకెలు ఇవ్వండి. ఏటా మే నెలలో పైకి, సెప్టెంబరు, అక్టోబరు దగ్గర కిందికి, ఆరేడు పీపీఎం మేర రంపపు పళ్ళలా ఊగుతుంది. ఎందుకు? భూమ్మీద నేల ఎక్కువగా ఉత్తరార్ధగోళంలో ఉంది. అక్కడ వేసవిలో మొక్కలు పెరుగుతూ కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి, ఆకులు రాలి కుళ్ళినప్పుడు అది తిరిగి గాలిలో కలుస్తుంది. భూమి ఊపిరి తీసి వదులుతున్నట్టు కాగితం మీద కనిపిస్తుంది.

మరి 1958కి ముందు సంగతి? అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలు 8 లక్షల ఏళ్ళ వెనక్కి తీసుకెళతాయి. అన్ని లక్షల ఏళ్ళలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 180, 300 పీపీఎంల మధ్యే తిరిగింది. పిల్లలు గీసిన మొదటి చుక్కే ఆ హద్దు దాటి ఉంది.

ఐదో మెట్టు: దోషి ఎవరో పిల్లలే తేల్చాలి

నాలుగు జట్లు చేయండి: సూర్యుడు, అగ్నిపర్వతాలు, భూకక్ష్యలో మార్పులు, శిలాజ ఇంధనాలు. ప్రతి జట్టూ తన "అనుమానితుడి" గురించి సాక్ష్యం చూసి, అతనే దోషా కాదా అని వాదించాలి. మీరివ్వాల్సిన సాక్ష్యాలు ఇవి.

సూర్యుడు: 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వెలుగును కొలుస్తున్నాయి. 11 ఏళ్ళ ఆటుపోట్లు ఉన్నాయి, కానీ పెరుగుదల లేదు. ఇంకో బలమైన గుర్తు: సూర్యుడే కారణమైతే వాయు ఆవరణం కింది నుంచి పైదాకా వేడెక్కాలి. నిజానికి కింది పొర ట్రోపో ఆవరణం వేడెక్కుతోంది, దానిపైన స్ట్రాటో ఆవరణం చల్లబడుతోంది. గ్రీన్‌హౌస్ వాయువులు పెరిగితే జరగాల్సింది సరిగ్గా ఇదే.

అగ్నిపర్వతాలు: అవి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. పైగా పెద్ద పేలుళ్ళు కొంతకాలం భూమిని చల్లబరుస్తాయి. 1991లో పినటూబో పేలాక భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది.

కక్ష్య: మంచుయుగాలకు కారణం ఈ మార్పులే, కానీ వాటి చక్రాలు పదివేల ఏళ్ళ లెక్కలో తిరుగుతాయి. నూటయాభై ఏళ్ళలో జరిగినదాన్ని అవి వివరించలేవు.

శిలాజ ఇంధనాలు: ఇక్కడ ఒక వేలిముద్ర ఉంది. బతికున్న మొక్కల్లో కార్బన్-14 అనే, కాలంతో తరిగిపోయే ఒక రకం కార్బన్ కొద్దిగా ఉంటుంది, దాని అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) సుమారు 5,730 ఏళ్ళు. కోట్ల ఏళ్ళ నాటి బొగ్గులో, చమురులో అది మిగలదు. అలాంటి కార్బన్ గాలిలో కలిస్తే కార్బన్-14 వాటా పలచబడాలి. అలా పలచబడిందని హాన్స్ స్యూస్ 1950ల్లోనే చూపించాడు. ఆక్సిజన్ కూడా, ఇంధనం మండినప్పుడు తగ్గాల్సినట్టే, చాలా కొద్దిగా తగ్గుతోంది.

ఒక జాగ్రత్త. ఇది గెలుపోటముల డిబేట్‌లా మారిపోకూడదు. బాగా మాట్లాడే పిల్లాడు సూర్యుడి జట్టులో పడితే చప్పట్లు అటే పడతాయి. అందుకే తీర్పు చేతులెత్తి కాదు, "ఏ సాక్ష్యం వల్ల" అని కాగితం మీద రాయించి తీసుకోండి.

ఆరో మెట్టు: మంచు, సముద్రం, మూడు ప్రయోగాలు

మొదటిది మంచుముక్కలది. రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్ళలో మంచుముక్కలు తేలాలి. రెండోదాంట్లో నీటిపైకి వచ్చేంత రాయి పెట్టి, మంచుముక్కల్ని దానిమీద ఉంచండి. నీటిమట్టం గుర్తుపెట్టండి. పెన్నుతో గీస్తే గ్లాసు బయట చెమట పట్టి గీత చెరిగిపోతుంది, సన్నని టేపు ముక్క అంటించండి. మంచంతా కరిగాక మొదటి గ్లాసులో మట్టం మారదు, రెండోదాంట్లో పెరుగుతుంది. సముద్రంలో తేలే మంచుకూ, నేలమీది మంచుకూ తేడా ఇదే. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే సముద్రం దాదాపు 7 మీటర్లు పెరుగుతుంది, అయితే దానికి ఎన్నో శతాబ్దాలు పడుతుందని కూడా చెప్పాలి. ఈ ప్రయోగం తప్పేది ఒకేచోట: మొదటి గ్లాసులో మంచు మరీ ఎక్కువైతే అడుగును తాకి నిలబడుతుంది, అప్పుడు కరిగాక మట్టం పెరుగుతుంది. ముక్కలు నిజంగా తేలుతున్నాయో లేదో వంగి చూడండి.

రెండోది నీటి వ్యాకోచం. ఫ్లాస్కు నిండా రంగునీళ్ళు పోసి, సన్నని గొట్టమున్న కార్కు బిగించి వేడినీళ్ళలో ఉంచండి. లోపల గాలి బుడగ ఉండకూడదు. గొట్టంలో నీరు ముందు కాస్త కిందికి దిగి, తర్వాత పైకి ఎక్కుతుంది. ముందు గాజు వ్యాకోచించడం వల్ల ఆ దిగడం. కంగారు పడకండి, అది కూడా పాఠమే. 1901 నుంచి 2018 వరకు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అందులో దాదాపు మూడోవంతు ఈ వ్యాకోచానిదే, ఎందుకంటే భూమి అదనంగా పట్టుకున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోయింది.

మూడోది ఆమ్లత. నీళ్ళలో బ్రోమోథైమాల్ బ్లూ (ఆమ్లతను రంగుతో చూపే ద్రవం) కలిపి స్ట్రాతో ఊదిస్తే, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిని ఆమ్లంగా మార్చి, నీలం ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారుతుంది. పిల్లలు పొరపాటున పీల్చకుండా స్ట్రా పైభాగంలో పిన్నుతో చిన్న బెజ్జం పెట్టండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి సముద్రపు పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) దాదాపు 8.2 నుంచి 8.1కి తగ్గింది. ఇంకా క్షారమే, కానీ గవ్వలు, పగడాలు కట్టుకునే జీవులకు ఆ తేడా చిన్నది కాదు.

ఏడో మెట్టు: తొట్టి లెక్క

తొట్టి బొమ్మ గీయండి. కుళాయి మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, అడుగున్న తూము సముద్రాలు, మొక్కలు పీల్చుకునేది. కుళాయి తూముకు సుమారు రెట్టింపు. ఇప్పుడు అడగండి: "రేపటినుంచి కుళాయిని ఇంకా పెంచకుండా ఇలాగే ఉంచితే తొట్టిలో నీళ్ళు ఏమవుతాయి?" చాలామంది "అలాగే ఉంటాయి" అంటారు. తప్పు, పెరుగుతూనే ఉంటాయి. ఇలాంటి ప్రశ్ననే అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులకు ఇస్తే వాళ్ళలోనూ ఎక్కువమంది తప్పారు, కాబట్టి మీ క్లాసును తప్పుపట్టకండి. నిజం తొట్టి దొరికితే చేసి చూపండి, లేదంటే అడుగున బెజ్జం పెట్టిన సీసా చాలు.

ఎనిమిదో మెట్టు: భయం సంగతి

ఇక్కడికి వచ్చేసరికి కొందరు పిల్లలు టెన్షన్ పడతారు. "మనం పెద్దయ్యేసరికి భూమి ఉంటుందా?" అని ఒక పాప మెల్లగా, అందరూ వెళ్ళాక అడిగింది. ఉంటుంది. ఒక ఫలానా తేదీన అంతా అయిపోతుందన్నది సైన్సు చెప్పిన మాట కాదు. ప్రతి పదోవంతు డిగ్రీ లెక్కలోకి వస్తుందన్నది సైన్సు చెప్పే మాట. అంటే ఆపిన ప్రతి పదోవంతుకూ విలువుంది.

ఓజోన్‌ను మళ్ళీ తీసుకొచ్చేది ఇక్కడే. అది భూతాపానికి అసలు కారణం కాదు, కానీ మంచి ఉదాహరణ. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీ రసాయనాలు ఓజోన్‌ను తినేస్తున్నాయని శాస్త్రవేత్తలు చెప్పారు, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, దేశాలు ఆ రసాయనాలను మానేశాయి, ఓజోన్ పొర ఇప్పుడు నెమ్మదిగా కోలుకుంటోంది. ఈసారి పని అంతకంటే చాలా పెద్దదని దాచకండి. 2010 నుంచి 2019 మధ్య సౌర విద్యుత్తు ఖర్చు సుమారు 85 శాతం తగ్గిందనీ చెప్పండి. లైటు ఆపడం, చెట్టు నాటడం దగ్గరే ఆపేయకండి. విద్యుత్తు, రవాణా, సిమెంటు, ఉక్కు, వ్యవసాయం, వీటిలో ఎక్కడెక్కడి నుంచి ఎంత వస్తోందో పిల్లలను వెతకనివ్వండి.

చివరి రోజు

మొదటి రోజు కాగితాలు తిరిగివ్వండి. పక్కనే కొత్త బొమ్మ గీయమనండి. భూమి నుంచి పైకి పోయే బాణం ఉందా, అది ఎక్కడ, దేనివల్ల ఆగుతోంది, ఇవి చూడండి చాలు.

పరీక్షలో నేను ఇప్పుడు "భూమి ఎందుకు వేడెక్కుతోంది?" అని అడగను. "భూమి వేడెక్కడానికి సూర్యుడే కారణమని ఒకరు మీతో అన్నారు. ఏ ఒక్క కొలత చూపించి కాదని ఒప్పిస్తారు?" అని అడుగుతాను. పోయినసారి ఒక అబ్బాయి స్ట్రాటో ఆవరణం పేరు మర్చిపోయాడు. "పై పొర" అని రాసి, రెండు గీతలు గీసి, కిందిదానికి ఎర్ర పెన్సిలు, పైదానికి నీలం పెన్సిలు పూశాడు. కింద ఒక్క వాక్యం: "సూర్యుడైతే రెండూ ఎర్రగా ఉండాలి కదా సార్."